ఎవరూ కొట్టని దెబ్బలు

బస్సులో కండక్టరుగా పనిచేసేవాళ్ళ ఒంటి మీద కమిలిన మచ్చలు ఉండటం వింతేమీ కాదు. సీట్ల ఇనుప కడ్డీలు తొడలకు తగులుతుంటాయి. బ్రేకు పడితే భుజం వెళ్ళి స్తంభానికి కొట్టుకుంటుంది. ఎవరి సంచిలోని గొడుగు కొసో డొక్కలో పొడుస్తుంది. పదకొండేళ్ళుగా అదే పనిలో ఉన్న కండక్టరమ్మ అలాంటివాటిని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. అందుకే ఆ ఎండాకాలం మొదట్లో మోచేతి పైన వంకాయరంగు మచ్చ ఒకటి తేలినప్పుడు చొక్కా చెయ్యి కిందికి లాక్కుని డ్యూటీకి వెళ్ళిపోయింది. అది మానకముందే దాని పక్కన ఇంకొకటి వచ్చింది. పళ్ళు తోముకుంటే ఉమ్మిలో ఎరుపు కనిపించేది. మోకాళ్ళ కింద సూదిమొనతో గుచ్చినట్టు సన్నటి ఎర్రచుక్కలు లేచాయి. చెమటకాయలనుకుని పౌడరు రాసుకుంది. అవి దురదపెట్టలేదు, తగ్గనూ లేదు.

మచ్చలకంటే ఆమెను ఎక్కువ పీడించింది అలసట. నెలసరి పది రోజులైనా ఆగేది కాదు. మధ్యాహ్నం ట్రిప్పు అయ్యేసరికి టిక్కెట్ల మిషను బండరాయిలా తోచేది. ఇంటికి వచ్చి బూట్లు విప్పుకోకుండానే మంచం మీద ఒరిగేది. భర్త ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని బూట్ల తాళ్ళు విప్పేవాడు. ఆయన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే కార్ఖానాలో పెద్దపనివాడు. అందరూ బైండరుగారు అంటారు. వేళ్ళకు ఎప్పుడూ ఎండిన జిగురు పొలుసులు ఉంటాయి. నలభై రెండేళ్ళ దాకా పెళ్ళి ఊసెత్తని మనిషి, రెండేళ్ళ కిందట ఈమెను చేసుకున్నాడు. ఆమెకిది రెండో పెళ్ళి. మొదటి భర్త గడియారాలు బాగుచేసేవాడు. అయిదేళ్ళ కిందట ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో పోయాడు. అప్పట్లో ఆమెకు సెలవు దొరకక, ఆ రెండు నెలలూ ఆస్పత్రి చుట్టూ తిరిగింది ఆమె అన్నయ్యే. తర్వాత ఈ సంబంధం చూసిందీ ఆయనే. తండ్రి లేని పిల్లకు తండ్రయ్యాడని చుట్టాలందరూ ఆయన్ను మెచ్చుకునేవారు. అది అబద్ధమేమీ కాదు.

ఒకరోజు ఉదయం మూడో ట్రిప్పులో ఆమెకు ముక్కు నుంచి రక్తం కారింది. చేతిరుమాలు తడిసింది. ఒక ప్రయాణికురాలు ఇచ్చిన తువ్వాలు కూడా తడిసింది. తల పైకెత్తమని ఒకరు, వంచమని ఒకరు, ఉల్లిపాయ వాసన చూపించమని ఇంకొకరు సలహాలిచ్చారు. ఆ బస్సు డ్రైవరును డిపోలో హారన్ బాబాయి అంటారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో పట్టుమని పదిసార్లు కూడా హారన్ కొట్టని మనిషి కనక ఆ పేరు. ఆయన బస్సు పక్కకు ఆపి, అందరినీ వెనకాల వచ్చే బస్సులోకి ఎక్కించి, ఖాళీ బస్సును రూటు తప్పించి తిన్నగా పెద్దాస్పత్రి గేటు దాకా తోలుకుపోయాడు. దారి పొడుగునా హారన్ మోగుతూనే ఉంది. ఆ మర్నాడు డిపోలో సంజాయిషీ అడిగితే, "మనిషి పోతే మళ్ళీ రాదు, బస్సు రేపూ వస్తుంది" అని రాసిచ్చాడట.

ఆస్పత్రిలో ముక్కులో గుడ్డ కుక్కి రక్తం ఆపారు. సూది గుచ్చి పరీక్షకు తీసుకున్నారు. సాయంత్రానికి రక్తజబ్బులు చూసే డాక్టరమ్మ వచ్చింది. పెద్దావిడ, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. మంచం అంచున కూర్చుని, కాగితం వంక కాకుండా ఆమె వంక చూస్తూ మాట్లాడింది.

"రక్తం కారకుండా గండి పూడ్చే కణాలుంటాయమ్మా మన ఒంట్లో. అవి లక్షన్నరకు తగ్గకూడదు. నీకు తొమ్మిది వేలున్నాయి. తయారవడం ఆగిపోలేదు. ఒంటికి కాపలా ఉండేవే వాటిని పట్టుకుని చంపేస్తున్నాయి. కంచే చేను మేస్తోందనుకో. ఎందుకు మేస్తోందో ముందు తెలుసుకోవాలి."

బయటి నుంచి కణాలు ఎక్కించమని బైండరుగారు అడిగాడు. తన రక్తం ఎంతైనా తీసుకోమన్నాడు. ఎక్కించినవాటికీ అదే గతి పడుతుందని, ప్రాణం మీదికి వస్తే తప్ప ఉపయోగం లేదని డాక్టరమ్మ చెప్పింది. కారణం వెతకడానికి చేసే పరీక్షల్లో హెచ్‌ఐవీ కూడా ఉంటుందని, ఒప్పుకుంటేనే చేస్తామని చెప్పి సంతకం అడిగింది. కండక్టరమ్మ చదవకుండానే పెట్టింది. రోజుకు వందలసార్లు కాగితాలు చించి ఇచ్చే మనిషికి ఇంకో కాగితం పెద్ద విషయంగా తోచలేదు.

రెండో రోజు ఆమెను వీల్‌చైర్లో కూర్చోబెట్టి కింది అంతస్తులో ఒక చిన్న గదికి తీసుకెళ్ళారు. కిటికీ లేని గది, బల్ల మీద నీళ్ళ సీసా, రెండు కుర్చీలు. అక్కడున్న కౌన్సెలరు ముందు ఆమె పేరూ వయసూ సరిచూసుకుని, తర్వాత మెల్లగా చెప్పింది. ఆ వైరస్ ఆమె ఒంట్లో ఉంది. కొన్నేళ్ళుగా ఉండి ఉంటుంది. అది చేరితే కాపలా కాసేవి తికమకపడి, తమవాళ్ళెవరో పైవాళ్ళెవరో తెలియక, గండి పూడ్చే కణాల మీద పడతాయి. కొంతమందికి జబ్బు మొదట ఇలాగే బయటపడుతుంది. మందులున్నాయి, రోజూ జీవితాంతం వేసుకోవాలి. వేసుకుంటే అందరిలాగే బతకొచ్చు.

కౌన్సెలరు ఏడుపు కోసం ఎదురుచూస్తున్నట్టు కాసేపు ఆగింది. కండక్టరమ్మకు ఏడుపు రాలేదు. సోమవారానికి డ్యూటీలో చేరొచ్చా అని అడిగింది. కొన్ని వారాలు కుదరదంటే తలూపింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గడియారాలాయన చివరి ఏడాదంతా దగ్గుతూ, ఎండిపోతూ ఉండటం కళ్ళ ముందు ఆడింది. ఆయనకు తెలుసో తెలియదో. చచ్చిపోయినవాడి మీద కోపం పెట్టుకోవాలన్నా కాస్త ఓపిక కావాలి. అది ఆమె దగ్గర లేదు.

బైండరుగారు వరండాలో బెంచీ మీద కూర్చుని గోళ్ళలోని జిగురు గిల్లుకుంటున్నాడు. ఆమె వీల్‌చైరు పక్కన ఆపించుకుని, అటూఇటూ చూసి, చెప్పాల్సింది రెండు ముక్కల్లో చెప్పేసింది. ఆయన చాలాసేపు ఆమె మోకాలి మీది దుప్పటి మడత సరిచేస్తూ ఉండిపోయాడు. తర్వాత అడిగింది ఒకటే.

"దీనికి మందుందా?"

"ఉందట. ముందు మీరు చూపించుకోండి."

ఆయన ఆ మధ్యాహ్నమే చెయ్యి చాపి రక్తం ఇచ్చాడు. ఆయనకు లేదని తేలింది. మూడు నెలల తర్వాత మళ్ళీ చూడాలన్నారు. లేదని విన్నప్పుడు మాత్రం ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, అదీ చప్పుడు లేకుండా.

వారం తర్వాత ఇంటికి పంపారు. మెత్తటి బ్రష్షు వాడాలి, అడగకుండా నొప్పి మాత్ర వేసుకోకూడదు, పన్ను పీకించుకోకూడదు, తలనొప్పి విపరీతంగా వస్తే ఏ వేళైనా పరుగెత్తుకు రావాలి. బైండరుగారు కార్ఖానా నుంచి మిగిలిపోయిన అట్టముక్కలూ, అట్టల మీద అంటించే కాలికో గుడ్డా తెచ్చి, మంచం కోళ్ళకూ బల్ల మూలలకూ వంటగట్టు అంచుకూ పుస్తకానికి తొడిగినంత నేర్పుగా తొడుగులు వేశాడు. పూట పూటకూ మాత్రలు వరసగా పెట్టేవాడు. కణాల కోసం ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలకు ఆమె ముఖం పూరీలా ఉబ్బింది. ఆకలి పెరిగింది, నిద్ర కరువైంది, ఉత్తపుణ్యానికి చిరాకు. అయితే కణాలు మాత్రం నలభై ఎనిమిది వేలకు ఎక్కాయి. ఆ మాత్రలు ఎక్కువకాలం వాడితే వేరే జబ్బులు అంటుకుంటాయని డాక్టరమ్మ మెల్లగా తగ్గించింది. తగ్గించగానే అవి మళ్ళీ పదమూడు వేలకు జారాయి. వైరస్ మందులు లోపల పని మొదలుపెట్టేదాకా ఓర్చుకోవాలంది.

"ఓర్చుకోవడం తప్ప నాకొచ్చిన విద్య ఏముంది లెండి" అంది కండక్టరమ్మ.

ఈ జబ్బు సంగతి ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. డిపోకు పంపిన కాగితంలో రక్తకణాల లోపం అని మాత్రమే డాక్టరమ్మ రాసిచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు వదిన రాకతో మొదలైంది.

వదిన అంటే అన్నయ్య భార్య. మాట కరుకే అయినా మనసులో ఏమీ దాచుకోదు. మరదలు సెలవులో ఉందని తెలిసి చూడ్డానికి వచ్చింది. కండక్టరమ్మ గిన్నె అందుకోబోతే చొక్కా చెయ్యి పైకి జరిగింది. జబ్బ చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పున నల్లగా కమిలిన పట్టీ. ఎవరో గట్టిగా పట్టుకుని గుంజినట్టే ఉంది. నిజానికి అది ముందురోజు ఆస్పత్రిలో బీపీ చూసినప్పుడు బిగించిన పట్టీ తాలూకు మచ్చ. వదిన గిన్నె తీసి పక్కన పెట్టి, మరదలి రెండో చెయ్యి చూసింది, మెడ చూసింది, పిక్కలు చూసింది. ఎలా తగిలాయని అడిగితే బస్సులో అని కండక్టరమ్మ గొణిగింది.

"నెలరోజులుగా ఇంట్లో ఉన్నావు. బస్సేమన్నా ఇంటికొచ్చి కొట్టిపోయిందా?"

అప్పుడే బైండరుగారు లోపలికి వచ్చాడు. ఆ మాట విన్నాడు. వదిన చూపు ఆయన మీదికి తిరిగింది. కండక్టరమ్మ నోరు తెరిచేలోపే ఆయన తల దించుకుని అన్నాడు.

"ఇకమీదట జరగదు అక్కయ్యగారూ."

వదిన వెళ్ళాక భార్యాభర్తల మధ్య మొదటిసారి పెద్ద గొడవైంది. చెయ్యని తప్పు నెత్తిన ఎందుకు వేసుకున్నారని ఆమె నిలదీసింది. అక్కయ్యగారు ఆస్పత్రికి పద అంటుంది, అక్కడ అన్నీ బయటపడతాయి, తనకు తోచింది అదొక్కటే అని ఆయన చెప్పాడు. రక్తం జబ్బని చెబితే సరిపోయేదని ఆమె అంటే, ఏ రక్తం జబ్బు, ఎందుకొచ్చింది, ఏ గదిలో మందులిస్తారు అని ఒకదాని తర్వాత ఒకటి అడగరా అన్నాడు. జబ్బు పేరు తెలిస్తే ఆమె చేతి టిక్కెట్టు కూడా ఎవరూ తీసుకోరేమోనన్నది ఆయన భయం. తన పేరు పోతే పోయిందన్నాడు. ఆమెకు ఇంకా వాదించే శక్తి లేక గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన కూడా ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

వదినకు వరసకు చెల్లెలయ్యే ఆవిడ ఒకతె బైండరుగారి కార్ఖానాలోనే కాగితాలు మడిచే పని చేస్తుంది. వారం తిరక్కుండా మాట అక్కడికి చేరింది. మడతల బల్ల దగ్గర పదిమంది ఆడవాళ్ళు. ఆయనంటే అందరికీ గౌరవం. కొత్తవాళ్ళకు కుట్టు నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆయన వస్తే మాటలు ఆగిపోయేవి. మడిచిన కాగితాల కట్టలు చేతికివ్వకుండా బల్ల చివర పెట్టి వెళ్ళేవారు. ఆయనే వెళ్ళి తీసుకునేవాడు. ఇంట్లో ఆ సంగతి ఎత్తలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం అన్నయ్య కార్ఖానాకు వచ్చాడు. ఆయనది మోటార్లకు తీగ చుట్టే దుకాణం, బరువులెత్తి అలవాటైన చేతులు. పదిమంది చూస్తుండగా బావగారి చొక్కా పట్టుకుని, తండ్రి లేని పిల్లనుకున్నావా అని అడిగి, చెంప మీద రెండు కొట్టాడు. బైండరుగారు చెయ్యి అడ్డు పెట్టలేదు, నోరు విప్పలేదు. యజమాని వచ్చి విడదీశాడు. మడతల బల్ల దగ్గర ఒక్కరూ లేవలేదు.

ఆయన సాయంత్రం పెదవి చిట్లి, కన్ను ఉబ్బి ఇంటికి వచ్చాడు. కట్టింగు మిషను పిడి తగిలిందన్నాడు. కండక్టరమ్మ గుడ్డ తడిపి ఆ కంటి మీద పెట్టింది. దెబ్బ తగిలిన కమిలిక ఎలా ఉంటుందో, తగలనిది ఎలా ఉంటుందో ఈపాటికి ఆమెకు బాగా తెలుసు. ఎవరని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు.

మర్నాడు ఆయన పనికి వెళ్ళాక ఆమె రిపోర్టులు సంచిలో పెట్టుకుని, చేతులు పూర్తిగా కప్పే చొక్కా వేసుకుని, తన రూటు కాని బస్సెక్కి కూర్చుని వెళ్ళింది. దారిలో అన్నయ్య ఏమేం అడుగుతాడో, తను ఏం చెప్పాలో వరసగా అనుకుంది. ఎవరి వల్ల, ఎప్పటి నుంచి, రిపోర్టు తప్పేమో, ఇంకోచోట చూపిద్దాం. అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుంది.

దుకాణంలో వార్నిష్ వాసన. అన్నయ్య ఒక్కడే స్టూలు మీద కూర్చుని పంపు మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. ఆమెను చూసి లేచి కుర్చీ తుడిచాడు. మా ఇంటికి వచ్చెయ్, మళ్ళీ ఆ గడప తొక్కక్కర్లేదన్నాడు.

"ఆయన నన్ను కొట్టలేదన్నయ్యా."

"నువ్వలాగే అంటావు చిట్టీ. అందరూ అలాగే అంటారు."

ఆమె రిపోర్టులు తీసి తీగ చుట్టల పక్కన పెట్టింది.

"నా రక్తంలో గండి పూడ్చే కణాలు పడిపోయాయి. ఎవరూ ముట్టుకోకపోయినా కములుతుంది. ఎందుకంటే నాకు హెచ్‌ఐవీ ఉంది."

అన్నయ్య చేతిలోని తీగ వదులైంది. చుట్టిందంతా విడిపోయి నేల మీద పడింది. ఆమె ప్రశ్నల కోసం ఎదురుచూసింది. ఆయన కాగితాల వైపు చూడనేలేదు. ఎవరి వల్ల అనలేదు, ఎప్పుడు అనలేదు. చివరికి ఒక్క మాట అడిగాడు.

"బావగారికి?"

"లేదు. ఇప్పటికైతే లేదు."

ఆయన పెద్దగా ఊపిరి వదిలి, వార్నిష్ అంటిన చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా బిగబట్టుకున్న ఊపిరిలా ఉందది. కండక్టరమ్మకు ఏదో తట్టింది.

"నీకు ముందే తెలుసా?"

 అన్నయ్య దించిన తల ఎత్తకుండా చెప్పుకొచ్చాడు. గడియారాలాయన పోవడానికి మూడు రోజుల ముందు డాక్టరు తనను వరండాలోకి పిలిచి సంగతి చెప్పాడు. భార్యను తీసుకొచ్చి పరీక్ష చేయించమన్నాడు, ఆలస్యం చేయొద్దన్నాడు. ఒక చీటీ కూడా రాసిచ్చాడు. అమ్మ అప్పటికి బతికే ఉంది. అమ్మకు చెబితే, బయటికి పొక్కితే దాని బతుకు అయిపోతుందిరా అని చేతులు పట్టుకుని ఏడ్చింది. కర్మకాండలవనీ అనుకున్నాడు. ఆ నెల పోనీ అనుకున్నాడు. చెల్లెలు నిక్షేపంలా డ్యూటీకి వెళ్తోంది, జలుబు కూడా చెయ్యలేదు. ఉంటే ఈపాటికి బయటపడేదే కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. సంబంధం కుదిరినప్పుడు ఆ చీటీ తీసి ఒక పూటంతా చేతిలో పట్టుకు కూర్చుని, చించేశాడు.

ఆమె అన్నీ విన్నది. ఎదురుగా గోడకు పాత మోటార్ల మూతలు తగిలించి ఉన్నాయి. వాటి వంక చూస్తూ నెమ్మదిగా అంది.

"నిన్న నువ్వు కొట్టావే, ఆ మనిషి నీ వల్ల చావాల్సినవాడన్నయ్యా. అదృష్టం బాగుండి బతికిపోయాడు. పైగా నా పరువు కోసం నీ చేత తన్నులు తిన్నాడు."

ఆయన ఏడుస్తున్నాడు. ఇంత పెద్దవాడు ఏడిస్తే తను కరిగిపోయే రోజులు కూడా ఉండేవని ఆమెకు గుర్తొచ్చింది. అరవాలని అనిపించింది కానీ, అరిస్తే నిలబడలేనని తెలుసు. మంచినీళ్ళు అడిగింది. ఆయన గబగబా గ్లాసు కడిగి తెచ్చాడు. తాగి, గ్లాసు తిరిగి ఇస్తూ రెండు పనులు చెప్పింది. కార్ఖానాలో ఎంతమంది ముందు కొట్టాడో అంతమంది ముందూ తప్పు ఒప్పుకోవాలి. వదినకు నిజం ఆయన నోటితోనే చెప్పాలి. అవి రెండూ చేసేదాకా తన ఇంటికి రావొద్దంది. బయటికి వచ్చి బస్సుస్టాపు దాకా నడవలేక మధ్యలో ఒక అరుగు మీద అరగంట కూర్చుంది.

సాయంత్రం ఆ సంగతి భర్తకు చెప్పింది. దాచి ఉంచడం ఎంత చేటో చూశాక ఇంకోటి దాచబుద్ధి కాలేదు. ఆయన విని లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. నాలుగు రోజులు అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. మాత్రలు మాత్రం వేళకు పెట్టాడు. తనను వదిలేసి వెళ్ళిపోతాడేమోనని ఆమెకు భయం వేసింది. వెళ్తే ఆపకూడదని కూడా అనుకుంది. అయిదో రోజు ఆయన చొక్కాకు బొత్తాం కుట్టుకుంటూ, దారం కొరికి, ఉన్నట్టుండి అన్నాడు.

"నన్ను కొట్టాడని కాదు నా కోపం. నాకు చెప్పకుండా పెళ్ళి చేశాడనీ కాదు. నిన్ను అయిదేళ్ళు మందు లేకుండా ఉంచాడు. అది మింగుడుపడటం లేదు."

అన్నయ్య మొదటి పని పది రోజులకు చేశాడు. మధ్యాహ్నం అందరూ ఉన్న వేళ కార్ఖానాకు వెళ్ళి, మడతల బల్ల దగ్గర నిలబడి, చెల్లెలికి రక్తం జబ్బుందని, ఊరికే కములుతుందని, బావగారు ఆమె మీద ఏనాడూ చెయ్యి చేసుకోలేదని, తెలుసుకోకుండా చెయ్యెత్తింది తనేనని చెప్పాడు. కొందరు నమ్మారు, కొందరు ఇంటిగుట్టు సర్దుకుంటున్నారులే అనుకున్నారు. బైండరుగారు సరే అని తలూపి, జిగురు ఆరిపోతోందని చెప్పి పనిలోకి వెళ్ళిపోయాడు.

రెండో పనికి రెండు నెలలు పట్టింది. ఈలోగా కండక్టరమ్మ కణాలు ఇరవై ఆరు వేలు, తర్వాత ముప్ఫై తొమ్మిది అంటూ నత్తనడక నడిచాయి. ఆమె ఇంట్లో కూర్చుని, పడుకుని, మళ్ళీ కూర్చుని, కిటికీలోంచి వీధి చూస్తూ కాలం గడిపింది. మందుల గది ముందు బెంచీ మీద ముఖాలు గుర్తుపట్టడం మొదలైంది. అక్కడ ఎవరూ ఎవరి పేరూ అడగరు. ఒక వడ్రంగి, ఒక టీచరమ్మ, పసిబిడ్డతో ఒక తల్లి. ఎవరి జబ్బు వాళ్ళది, అందరి అలసటా ఒకలాగే ఉంటుంది. మూడు నెలలకు బైండరుగారు ఒక్కడే వెళ్ళి మళ్ళీ రక్తం ఇచ్చి వచ్చాడు. ఈసారీ లేదు. ఆ మాట చెప్పి, మార్కెట్టుకు వెళ్ళి అరటిపళ్ళు తెచ్చాడు. వాళ్ళింట్లో జరిగిన సంబరం అంతే.

ఒక ఆదివారం పొద్దున్నే వదిన ఒంటరిగా వచ్చింది. గుమ్మంలోనే బైండరుగారు ఎదురయ్యాడు. ఆమె ఆయన ముఖంలోకి చూడలేక పక్కకు చూస్తూ, "తమ్ముడూ, నా నోటికి తాళం లేదు. మన్నించు" అంది. లోపలికి వచ్చి మరదలి పక్కన మంచం మీద కూలబడింది. ముందురోజే మొగుడు చెప్పాడట. చెప్పిన దగ్గర్నుంచి తను ఆయనతో మాట్లాడలేదట. కండక్టరమ్మ ఏమీ అనకముందే వదిన ఆమె చెయ్యి తీసుకుంది. కమిలిన చోటు నొక్కుకుపోకుండా, అరచెయ్యి మాత్రమే పట్టుకుంది.

"నాకు చెప్పొద్దా ఆ మనిషి? చెప్పుంటే ఆ రోజే నీ రెక్క పట్టుకుని తీసుకెళ్ళి పరీక్ష చేయించేదాన్ని కదే."

అది నిజమేనని కండక్టరమ్మకు తెలుసు. లోకమంతా వెలివేస్తుందని భయపడి దాచిన సంగతి, మొదటిరోజే ఈ ఒక్కమనిషికి తెలిసి ఉంటే అయిదేళ్ళు కలిసొచ్చేవి. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. వదిన ఓదార్చలేదు, పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. బైండరుగారు వంటగదిలో టీ కాచి, రెండు గ్లాసులు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ప్రతి నెలా ఆస్పత్రికి వదినే తోడు వచ్చేది. నీళ్ళ సీసా, దిండు, కబుర్లు తెచ్చేది. వరసలో ఎవరైనా అడ్డం దూరితే డిపో అధికారిలా కేకలేసేది. అన్నయ్య వాళ్ళిద్దరినీ తన బండిలో దింపి, గేటు బయటే నిలబడేవాడు. లోపలికి రమ్మని చెల్లెలు అనలేదు, వస్తానని ఆయన అడగలేదు.

ఏడో నెలలో కణాలు లక్షా పదివేలు దాటాయి. స్టెరాయిడ్ మాత్రలు అప్పటికే ఆపేశారు. ముఖం వాపు తగ్గి పాత చెక్కిళ్ళు బయటపడ్డాయి. పిక్కల మీది చుక్కలు మాయమయ్యాయి. రక్తంలో వైరస్ లెక్కకు అందనంత తగ్గిపోయిందని, ఇలాగే మందు తప్పకుండా వేసుకుంటే ఆమె నుంచి భర్తకు అంటదని డాక్టరమ్మ చెప్పింది. డ్యూటీలో చేరొచ్చని కాగితం రాసిచ్చింది. కండక్టరమ్మకు గంతులేయాలని ఏమీ అనిపించలేదు. కొండ ఎక్కి దిగినవాడికి కాళ్ళ నొప్పులు మిగిలినట్టు, బాగయ్యాక కూడా అలసట ఇంకా కొన్నాళ్ళు ఒంట్లోనే ఉంటుందని ఆమెకు అర్థమైంది.

కార్ఖానాలో మడతల బల్ల దగ్గర ఒకావిడ, ఏ కారణమూ లేకుండానే, కాగితాల కట్ట మళ్ళీ బైండరుగారి చేతికే ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత మిగతావాళ్ళూ ఇచ్చారు. 

డ్యూటీలో చేరే కాగితం తీసుకున్న రోజున మందుల కోసం ఇంకో గంట ఆగాల్సి వచ్చింది. వదిన బెంచీ మీద కూర్చుని నిద్రపోతోంది. కండక్టరమ్మ గాలి కోసం వరండా చివరికి వచ్చి చూసింది. గేటు బయట నీడ లేదు. అన్నయ్య బండి పక్కన నెత్తిన రుమాలు వేసుకుని నిలబడి ఉన్నాడు. ఈ ఏడు నెలల్లో జుట్టు బాగా నెరిసింది. ఆయన చేసింది ఆమె మరచిపోలేదు. ఎప్పటికైనా మరచిపోతుందో లేదో తనకే తెలియదు. కాసేపు అలాగే చూసి, మెల్లగా మెట్లు దిగి గేటు దాకా నడిచింది.

"ఎండలో ఎందుకన్నయ్యా, లోపలికి రా. ఇంకా గంట పడుతుందట" అని, ఆయన వస్తున్నాడో లేదో చూడకుండా వెనక్కి తిరిగింది.